జోలా వెనుక గోడమీది మల్లుడు

పారిస్ నగరమున సీన్ నదీతీరమునందు, పూర్వము రైలు స్టేషనుగా నుండి 1986 లో చిత్రప్రదర్శనశాలగా మారిన ఓర్సే భవనమున, ఎడ్వార్డ్ మానే 1868 లో చిత్రించిన ఎమిల్ జోలా రూపచిత్రము గలదు. ఐదడుగులకు రవంత తక్కువ యెత్తును, నాలుగడుగులకు లోపు వెడల్పును గల యా తైలవర్ణ చిత్రమున, అప్పటికి 27 ఏండ్ల ప్రాయముననున్న రచయిత నల్లని కోటును, లేత బూడిదరంగు లాగును తొడిగికొని, వ్రాతబల్ల ప్రక్క కుర్చీలో కూర్చుండి, పెద్ద బొమ్మల పుస్తకమొకటి చేత తెరచి పట్టుకొని యున్నాడు. పట్టుకొన్నాడే కాని చదువుట లేదు. చూపు పుటలమీద నుండి తొలగి, ఎదుటనున్న మనలను గూడ తప్పించుకొని, చిత్రము వెలుపల నెక్కడనో నిలిచినది. బల్లమీద పింగాణి సిరాబుడ్డి, చిందరవందరగా పడియున్న పుస్తకములు, వానిమధ్య నీలిరంగు అట్టతో సన్నని పుస్తకమొకటి. ఎడమయంచున బంగారు పూతపై కొమ్మను, పక్షిని చిత్రించిన జపాను మడతతెర. కుడివైపున, బల్లకు పైగా, గోడకు తగిలించిన చట్రములో మూడు బొమ్మలు ఒకదానినొకటి ఒరసికొనుచు కనబడును.

చూపరుల కన్ను జోలా ముఖమున నిలువక యీ చట్రమువైపు పోవుట ఆశ్చర్యము కాదు, ఏలయన చిత్రకారుడే దానిని అటు పిలుచుచున్నాడు. మూడు బొమ్మలలో నొకటి స్పెయిన్ దేశపు మహాచిత్రకారుడైన వెలాస్కెజ్ రచించిన మద్యదేవత బాకస్ చిత్రమునకు చెక్కుడు ప్రతి. సగము మరుగుపడి యున్నది. రెండవది మానే స్వయముగా రచించిన ‘ఒలింపియా’ చిత్రమునకు నలుపుతెలుపుల నకలు. మూడవది యుతగావా కునియాకి యను జపాను చిత్రకారుడు 1860 ప్రాంతమున గీసిన దారుముద్ర. ఆవా దేశపు సుమో మల్లుడు ఒనారుటో నదయెమన్ అందు నిలువెత్తున నిలిచి యున్నాడు. స్పెయిన్ ఒకటి, జపాను ఒకటి, నడుమ తాను: వంశవృక్షము వ్రాసికొనుటకు మానేకు ఆ మూరెడు గోడయే చాలినది.

ఈ మూడు బొమ్మలు అచ్చట చేరుటకు వెనుక నొక ఋణము గలదు. మానే 1863 లో వ్రాసి 1865 లో సలాన్ అను ప్రభుత్వ చిత్రప్రదర్శనమున నుంచిన ‘ఒలింపియా’ను చూచి పారిస్ జనము నవ్వినది, తిట్టినది, కొందరు కఱ్ఱలతో పొడువబూనుటచేత దానికి కావలి పెట్టవలసి వచ్చినది. ఆ దిగంబర వనిత పేకముక్కలోని రాణి స్నానము చేసి లేచినట్లున్నదని కూర్బే అంతటి చిత్రకారుడే యెగతాళి చేసెను. మరుసటి యేడు మానే పంపిన ‘పిల్లనగ్రోవి బాలుడు’ను నిర్ణేతల సంఘము త్రిప్పి పంపగా, పత్రికలలో వ్రాసి పొట్టపోసికొనుచున్న జోలా యను యువకుడు మానే పక్షము వహించి 1866 మే నెలలో వ్యాసము ప్రకటించెను. చందాదారులు మండిపడిరి, వ్యాసపరంపర మధ్యలోనే ఆగిపోయినది. జోలా వెనుదీయలేదు. 1867 జనవరిలో మానేను గూర్చి దీర్ఘవ్యాసము వ్రాసి, దానినే అదే సంవత్సరమున చిన్న పుస్తకముగా అచ్చువేయించెను. జోలా బల్లమీద నున్న నీలియట్ట పుస్తకమదియే. దాని యట్టపై నున్న మానే యను పేరే యీ చిత్రమునకు చిత్రకారుని చేవ్రాలుగా నుపయోగపడినది. కృతజ్ఞత తెలుపుటలో గూడ మానే తన పేరును మరువలేదని నవ్వుకొనువారు నవ్వుకొనవచ్చును.

ఆ వ్యాసమున జోలా చెప్పిన మాట యొకటి మన విషయమునకు ముఖ్యము. మానే చిత్రములు చవుకబారు ఎపినాల్ అచ్చుబొమ్మలవలె నున్నవని విమర్శకులు వెక్కిరించుచుండగా, ఆ పోలికను కాదని, అంతకంటె జపాను అచ్చుబొమ్మలతో పోల్చుట ఉచితమనియు, విచిత్రమైన సొగసుచేతను, నిండైన రంగుల పట్టెలచేతను అవి మానే పనికి దగ్గరి చుట్టములనియు నాతడు సూచించెను. అప్పటికి ఫ్రాన్సులో ఆ బొమ్మలను కళయని గౌరవించువారు కొలదిమందియే. మానే తరువాతి సంవత్సరమున జోలా వెనుక గోడకు మల్లుని తగిలించినప్పుడు, విమర్శకుని వాక్యమును చిత్రకారుడు అందుకొని బదులు చెప్పినట్లయినది.

జపాను బొమ్మలు పారిస్ చేరిన విధము గూడ తెలిసికొనదగినది. రెండు శతాబ్దులకు పైగా డచ్చివారికి, చీనావారికి తప్ప తలుపు మూసికొనియున్న జపాను, 1854 లో అమెరికా యుద్ధనౌకల యొత్తిడికి లొంగి సంధి చేసికొన్నది. 1858 అక్టోబరులో ఫ్రాన్సుతో వర్తకపు ఒడంబడిక కుదిరినది. మరుసటి యేడు యొకొహామా రేవు తెరవబడినది. బ్రాక్‌మాన్ అను చెక్కుడుకారుడు 1856 లో డెలాత్ర్ అను ముద్రాపకుని దుకాణమున హోకుసాయి బొమ్మల పుస్తకమొకటి చూచి మోహపడెనని యొక కథ గలదు. చరిత్రకారులు దాని సంవత్సరమును సందేహింతురు గాని, పుకారైనను అది పుట్టుటయే ఆనాటి మోజునకు నిదర్శనము. 1862 లో రివోలి వీథిలో దెసోయ్ దంపతులు జపాను, చీనా వస్తువుల దుకాణము తెరచిరి. బోద్‌లేర్, గొంకూర్ సోదరులు, విస్లర్, మానే, టిస్సో మొదలగు రచయితలకు, చిత్రకారులకు అది సంకేతస్థలమైనది. 1864 నవంబరులో లండన్ నుండి వచ్చిన రొసెట్టి యను చిత్రకారుడు అక్కడ జపాను దుస్తులు కొనబోగా, తన చిత్రముల కొరకు టిస్సో వానిని ముందే మూటగట్టుకొని పోయెనని తెలిసి, ఆ సంగతి తల్లికి జాబు వ్రాసెను. కళాకారుల నడుమ అసూయకు కళయే కారణము కానక్కరలేదు, దుకాణము చాలును.

1867 పారిస్ విశ్వప్రదర్శనమునకు జపాను నేలుచున్న సైనికాధిపతి షోగున్ ప్రభుత్వము తన ప్రతినిధివర్గమును పంపినది. జపానులోని సత్సుమా సంస్థానాధిపతి వేరుగా తన వస్తువులను పెట్టించి, రాజ్యము చీలిన సంగతి పరదేశమునందే వెల్లడించెను. ఆ మరుసటి సంవత్సరమే షోగున్ పాలన కూలినది. జోలా చిత్రపటము వెలువడిన సంవత్సరము జపానులో మెయిజి యుగారంభ సంవత్సరమగుట యాదృచ్ఛికమే.

ఇక గోడమీది మల్లుని సంగతి. ప్రాచ్యకళ యనగానే పురాతనమైనదేదియో యని తలచువారికి ఈ బొమ్మ మంచి యెదురుదెబ్బ. కునియాకి 1835 లో పుట్టినవాడు, మానే కంటె మూడేండ్లు చిన్న. యుతగావా కునిసదా శిష్యుడై, యెడో (నేటి టోక్యో) నగరపు రద్దీలో నాటకపు నటుల, సుమో మల్లుల బొమ్మలు గీసి బ్రతికినవాడు. అట్టి బొమ్మ లొక్కొక్కటి నగరవాసికి నూడిల్స్ గిన్నె వెలకు దొరకెడివి. తాము మెచ్చిన మల్లుని బొమ్మను కొని గోడకంటించుకొనుట యెడో సామాన్యునకు నిత్యకృత్యము. మానే తన వంశవృక్షములో వెలాస్కెజ్ ప్రక్క నిలిపినది ఆ బజారు సరకును. విద్వాంసులు తరువాతి కాలమున హోకుసాయి, ఉతామరో, హిరోషిగె లను సింహాసనములపై నెక్కించిరి గాని, తొలి పరిచయము చిల్లరకొట్టు పరిచయమే.

ఆ బొమ్మ తయారగు తీరు తెలిసిననే, మానేకు అందులో నచ్చినదేమో తెలియును. చిత్రకారుడు సన్నని కాగితముమీద సిరాతో రేఖలు గీయును. దానిని చెఱ్ఱిచెట్టు పలకపై బోర్లించి అంటించి, చెక్కుడువాడు రేఖను మాత్రము మిగుల్చుచు తక్కిన కొయ్యను తొలచివేయును. రేఖల పలక యొకటి సిద్ధమైన పిమ్మట, ఒక్కొక్క రంగునకు ఒక్కొక్క పలక వేరుగా చెక్కబడును. మన పెడనలో కలంకారి అద్దకపువారు రేఖకు, రంగునకు వేరువేరు అచ్చుదిమ్మెలు వాడుటను చూచినవారికి ఈ పని తెలియనిది కాదు. ముద్రించువాడు పలకపై రంగు పూసి, తడికాగితము పరచి, వెదురాకు చుట్టిన గుండ్రని మెత్తతో వెనుక నుండి రుద్దును. కాగితము పలకకు తగిలినచోట రంగు నిండుగా పడును, తగులనిచోట పడనే పడదు. నడుమ మెట్టు అరుదు. కనుక వెలుగునుండి నీడకు మెల్లగా జారు క్రమము, చీకటి మూలలు, వస్తువుల నీడలు ఆ బొమ్మలలో సామాన్యముగా కనబడవు. వస్త్రము మడతయును, కండయును రేఖచేతనే తెలియవలెను. నల్లని అంగీ యొక నల్లని యాకారమై నిలువవలెను.

పారిస్ కళాశాలలలో శిష్యులకు నేర్పునది దీనికి సరిగా వ్యతిరేకము. దేహమును గుండ్రముగా తోపింపజేయుటకు నల్లటి నీడనుండి తెల్లటి వెలుగు వరకు మెట్టుమెట్టుగా సగము రంగులు పేర్చుట అక్కడి విద్య. ఆ సగము రంగులలోనే నైపుణ్యమంతయు నున్నదని గురువుల మతము. థామస్ కూతూర్ చిత్రశాలలో ఆరేండ్లు అభ్యసించిన మానేకు ఆ విద్య రాకపోలేదు. వచ్చినదానిని వదలివేయవలెననియే ఆతడు తలచెను. జోలా చిత్రమున కోటును చూడుడు. చేతులు, రొమ్ము, వెన్ను, అన్నియు నొక్క నలుపులో కలసిపోయి, అంచు మాత్రము ఖచ్చితముగా కత్తిరించినట్లు తేలుచున్నది. లోపలి మడతలు వెదకి పట్టవలసినంత తక్కువ. ఆ నలుపు ప్రక్కనే లాగు బూడిదరంగు, దానికెదురుగా పుస్తకపు తెల్లని పుటలు. పుటలు చిత్రమునందెల్ల మిక్కిలి కాంతివంతమైన చోటు. వానిముందు ముఖము గూడ రెండవ స్థానమే. వెలుగు ప్రక్కనుండి గాక దాదాపు ఎదుటినుండి పడుటచేత నీడలు వస్తువుల వెనుకకు పోయి దాగినవి. గోడకు, మనిషికి నడుమ లోతు లేదు; బల్ల, కుర్చీ, తెర, చట్రము అన్నియు ముందువెనుకలు మరచి ఒకే పలకమీదికి వచ్చి నిలిచినవి. ఎడమనున్న తెర చిత్రపు అంచుచేత కోయబడినది, కుడినున్న బల్లయు నంతే. అచ్చుబొమ్మలలో మనుష్యులను, చెట్లను కాగితపు అంచుతో నిర్దాక్షిణ్యముగా తెగగొట్టు అలవాటు యెడోవారిది.

ఈ గుణములన్నియు జపానునుండియే వచ్చినవని నేననను. నలుపును రంగుగా వాడుటను మానే వెలాస్కెజ్ వద్ద నేర్చెను. 1865 లో మాద్రిద్ పోయి ఆ చిత్రములను కన్నులార చూచివచ్చెను. ఎదుటి వెలుగు ఛాయాచిత్రములనుండియు వచ్చియుండవచ్చును. బలవంతునకు బాట చూపినవారెందరో యుందురు. అయినను స్పానిష్ గురువు నలుపు చుట్టును గాలి యాడును. మానే నలుపు చుట్టును గాలి లేదు. ఆ తేడాయే గోడమీది మల్లుని పుణ్యమని నా తలంపు.

ఇంకొక సంగతి. ప్రభావ మనునది ఒకవైపు పారు కాలువ యని తలచుట పొరబాటు. నాగసాకి రేవున దెజిమా ద్వీపమందు విడిసిన డచ్చి వర్తకులద్వారా పాశ్చాత్యుల చెక్కుడుబొమ్మలు జపానుకు చేరగా, పదునెనిమిదవ శతాబ్దమునందే యెడో చిత్రకారులు దూరమైనవి చిన్నవిగా కనబడునట్లు గీతలు కూర్చు విద్యను ఆడుకొని చూచిరి. హోకుసాయి అలలకు ఆ గాఢమైన నీలము నిచ్చినది జర్మనీలో పుట్టి ఓడలలో వచ్చిన ప్రష్యన్ నీలిరంగు. ఆ డచ్చి ఓడలలోనే మన కోరమాండల్ తీరపు అద్దకపు వస్త్రములు గూడ పోయి, జపాను ధనికులకు ‘సరస’ యను పేర ప్రీతిపాత్రమైనవి. కనుక 1860 లలో పారిస్ యువకులు స్వచ్ఛమైన ప్రాచ్యమని చేతబట్టినది అప్పటికే ఒకసారి పశ్చిమమును రుచిచూచి, తన పద్ధతిలో జీర్ణించుకొన్న కళ.

ఈ మోజున బుట్టిన చిత్రములలో ఎక్కువ భాగము వేషధారణములు. విస్లర్ లండన్ లోని గ్రీకు దౌత్యాధికారి కూతురు క్రిస్టినా స్పార్టాలికి కిమోనో తొడిగి, చేతికి విసనకఱ్ఱ యిచ్చి, వెనుక తెర నిలిపి, ‘పింగాణి దేశపు రాకుమారి’ యని పేరిడి 1865 సలాన్ కు పంపెను. తండ్రి ఆ చిత్రమును కొన నొల్లడయ్యెను; అనంతరము అది ధనికుడైన లేలండ్ భోజనశాలకు చేరి, ఆ శాలను విస్లర్ నెమళ్ళతో నింపుటకును, వారిద్దరి స్నేహము పగగా మారుటకును కారణమయ్యెను. అది వేరే పురాణము. 1876 లో మోనే యను చిత్రకారుడు తన భార్య కామీయుకు పసుపుపచ్చని టోపా పెట్టి, మల్లునివలె కన్నులురుము యోధుని కుట్టుపని గల యెఱ్ఱని జపాను వస్త్రము తొడిగించి, గోడనిండ విసనకఱ్ఱలు చెదరగొట్టి చిత్రించెను. చూచుటకు పండుగగా నుండును. కాని విసనకఱ్ఱలు తీసివేసి, వస్త్రము మార్చినచో మిగులునది సంప్రదాయపు ఫ్రెంచి చిత్రమే. జోలా చిత్రమునుండి తెరను, మల్లుని తొలగించినను కోటు నలుపు తన చోటు వదలదు. అరువు తెచ్చుకొన్న వస్తువునకు, ఒంటబట్టిన విద్యకు గల భేదమిది. 1875 లో కవి మలార్మే అనువదించిన ఎడ్గార్ పో ‘కాకి’ కావ్యమునకు మానే వేసిన సిరాబొమ్మలలో జపాను వస్తువొక్కటియు లేదు. కుంచెతో ఒక్క ఊపున పడిన ఆ నల్లని మరకలను చూచినవారు మాత్రము ఏ దేశపు కుంచె జ్ఞాపకము వచ్చునో తామే చెప్పగలరు.

జోలా కూర్చున్నది తన యింట కాదు, గుయో వీథిలోని మానే చిత్రశాలలో. కాబట్టి తెరయు, బొమ్మలును, అమరికయు మానేవి. గంటలకొలది కదలక కూర్చుండి కాళ్ళుచేతులు తిమ్మిరెక్కగా తాను పడిన అవస్థను, ఎదుట నున్నది స్నేహితుడను మాట మరచి వస్తువును చూచినట్లు తనను చూచుచు పనిలో మునిగిన చిత్రకారుని తీరును, జోలా ఆ సంవత్సరము మే నెలలో పత్రికయందు వర్ణించెను. ఏదైన చిన్న వివరమును ఊహించి పూర్తిచేయరాదా యని తానడిగితే, ఎదుట లేనిదానిని తాను వ్రాయలేనని మానే బదులు చెప్పెనట. చిత్రము సలాన్ న ప్రదర్శింపబడినప్పుడు, అప్పటికింకను పేరురాని ఒదిలాన్ రెదాన్ అను చిత్రకారుడు ఇది మనుష్యుని స్వభావమును వెల్లడించు రూపచిత్రము కంటె నిర్జీవ వస్తువుల చిత్రమువలె నున్నదని వ్రాసెను. రెదాన్ చూపు సరియైనదే. మల్లుని ముఖమున కునియాకి అంతరంగమును వెదకలేదు. నిలువుటాకృతియు, రంగును, పేరును చాలునని విడిచెను. మానే జోలాకు చేసినదియు నదియే. ఆతడు చేతకాక చేసెననుట మాత్రము తగదు.

‘ఒలింపియా’ నకలులో నొక చమత్కారము గలదు. అసలు చిత్రమున ఆ వనిత చూపరినే నిలదీసి చూచును. ఈ చిన్న ప్రతిలో మాత్రము ఆమె కన్నులు జోలావైపు మరలినవి. తన్ను సమర్థించినవానికి ఆమె చేత మానే చెప్పించిన వందన మిది.

ఆ స్నేహము తుదివరకు అదే వేడిమితో నిలువలేదు. 1879 లో జోలా రష్యా పత్రిక కొకదానికి వ్రాసిన లేఖలో మానే చేయి ఆతని చూపునకు సరిపోలేదని యర్థము వచ్చు మాటలు పడినవి. అవి పారిస్ పత్రికలో ఫ్రెంచిలోనికి తిరిగి వచ్చినప్పుడు జోలా నొచ్చుకొని మానేకు జాబు వ్రాసెను. 1883 లో మానే మరణించినప్పుడు పాడె వెంట నడచినవారిలో జోలాయు, 1872 లో ఈ జపాను మోజుకు ‘జపోనిజం’ అని నామకరణము చేసిన విమర్శకుడు ఫిలిప్ బుర్తీయు నుండిరి. ఆరేండ్ల తరువాత మోనే పూనుకొని, ‘ఒలింపియా’ను కొని ప్రభుత్వమునకు సమర్పించుటకై చందాలు వసూలు చేయుచు జోలాను గూడ అడిగెను. చిత్రములు కొననని తనకు తాను పెట్టుకొన్న నియమమును, మానే తనంతట తానే లూవ్ర్ ప్రదర్శనశాల చేరవలెనన్న తన కోరికను చెప్పి, జోలా చందా ఇయ్యడయ్యెను. చందా లేకయే పని జరిగినది. 1890 లో ‘ఒలింపియా’ ప్రభుత్వపరమై, 1907 లో లూవ్ర్ లో ప్రవేశించినది. జోలా రూపచిత్రమును ఆతని భార్య అలెగ్జాండ్రీన్ 1918 లో దానమిచ్చి, బ్రతికియున్నంతకాలము తనయొద్ద నుంచుకొనగా, 1925 లో అదియు వెలాస్కెజ్ నకలుతో, ఆవా దేశపు మల్లునితో సహా అదే కప్పు క్రిందికి చేరినది.